వస్తువులు, పట్టికలు, వాని నడుమ సంబంధము

ఒక పాఠశాలలో 9వ తరగతి 'ఎ' విభాగమున చదువుచున్న విద్యార్థినిని 'బి' విభాగమునకు మార్చినారనుకొందము. అడ్మిషన్ రిజిస్టరులో ఆమె పేరున కెదురుగా 'ఎ' కొట్టివేసి 'బి' అని వ్రాయుదురు. 'ఎ' విభాగపు హాజరుపట్టీనుండి ఆమె పేరు తీసివేయుదురు. 'బి' విభాగపు హాజరుపట్టీలో చేర్చుదురు. మారినది ఒకే విషయము. దానిని వ్రాయవలసిన చోట్లు మాత్రము మూడు. ఒకచోట వ్రాసి మరియొకచోట మరచినచో రెండు పుస్తకములు రెండు మాటలు చెప్పును. అప్పుడు దేనిని నమ్మవలెను?

ఈ చిక్కు కాగితపు పుస్తకములతో అంతమొందలేదు. నేడు పాఠశాలలు, గ్రంథాలయములు, బ్యాంకులు తమ వివరములను కంప్యూటర్లలో భద్రపరచుచున్నవి. అక్కడను ఇదే ప్రశ్న వేరొక రూపమున ఎదురగును. ఒక వస్తువునకు మరియొక వస్తువుతో సంబంధము కల్పించునపుడు ఆ సంబంధము ఎక్కడ వ్రాయబడును? ఎప్పుడు వ్రాయబడును? పాత సంబంధములు ఏమగును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియక వ్రాసిన ప్రోగ్రాములలో వివరములు చడిచప్పుడు లేకుండ మాయమైపోవచ్చును. ఈ మాయ ఎట్లు జరుగునో, దానిని ఎట్లు నివారింపవచ్చునో చూతము.

పట్టికల లోకము

1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు పెద్ద డేటాబేసులను పట్టికలుగా అమర్చు పద్ధతిని వివరించుచు ఒక పరిశోధన పత్రము ప్రచురించెను. అప్పుడాయన అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన శాన్ హోసే పరిశోధనాలయమున పనిచేయుచుండెను. ఈ కృషికే 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది. నేడు వాడుకలోనున్న డేటాబేసులలో అనేకములు ఆయన చూపిన మార్గమునే అనుసరించుచున్నవి.

ఈ పద్ధతిలో ప్రతి విషయమునకు ఒక పట్టిక యుండును. పట్టికలోని ప్రతి వరుసకు ఒక ప్రత్యేక సంఖ్య యుండును. ఆ సంఖ్యయే ఆ వరుసకు గుర్తు. దీనిని 'ప్రైమరీ కీ' అందురు. మన ఉదాహరణలో విభాగముల పట్టిక ఒకటి, విద్యార్థుల పట్టిక ఒకటి యుండును. విభాగముల పట్టికలో 7వ సంఖ్య 'ఎ' విభాగము, 8వ సంఖ్య 'బి' విభాగము అనుకొందము. విద్యార్థుల పట్టికలో 21వ సంఖ్యగల విద్యార్థిని వరుసలో పేరు, పుట్టిన తేదీలతోపాటు 'విభాగము' అను గడి యుండును. అందులో 7 అని మాత్రమే వ్రాసియుండును. మరియొక పట్టికలోని వరుసను ఇట్లు సూచించు సంఖ్యను 'ఫారిన్ కీ' అందురు.

ఇప్పుడామెను 'బి' విభాగమునకు మార్చవలెనన్న ఆ గడిలోని 7ను 8గా మార్చిన చాలును. 'బి' విభాగపు విద్యార్థుల జాబితా విడిగా ఎక్కడను వ్రాసియుండదు. జాబితా కావలసినప్పుడెల్ల, విభాగపు గడిలో 8 ఉన్న వరుసలన్నింటిని కంప్యూటర్ ఏరి చూపును. ఒక నిజమునకు ఒకే స్థానము; ఇదియే ఈ పద్ధతిలోని గొప్ప సుగుణము.

ఒక విద్యార్థిని ఒక విభాగమునకే చెందును గాని, విజ్ఞాన సంఘము, నాటక సంఘము వంటి అనేక సంఘములలో సభ్యురాలు కావచ్చును. ఒక్కొక్క సంఘమున అనేక సభ్యులు నుందురు. అనేకమునకు అనేకముతో గల ఈ సంబంధమును ఒక గడిలో ఇమిడ్చుట సాధ్యము కాదు. అందుచేత మూడవ పట్టికను ఏర్పరచెదరు. దానిలోని ప్రతి వరుసలో ఒక సంఘము సంఖ్య, ఒక విద్యార్థి సంఖ్య జంటగా నుండును. ఒక జంట ఉన్నచో సభ్యత్వమున్నట్లు, లేనిచో లేనట్లు. దీనిని జోడింపు పట్టిక అనవచ్చును.

వస్తువుల లోకము

ప్రోగ్రాములు వ్రాయువారు పట్టికలలో ఆలోచింపరు. వారికి వస్తువులలో ఆలోచించుట సులభము. ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అను నార్వే శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతపు దశకమున రూపొందించిన సిములా భాషతో ఈ మార్గము మొదలైనది. దీనిలో 'వస్తువు' అనగా చేతితో పట్టుకొను పదార్థము కాదు. కొన్ని వివరములను, వానిపై చేయదగిన పనులను ఒకచోట మూటగట్టిన రూపమే వస్తువు. దీనినే 'ఆబ్జెక్ట్' అందురు.

విద్యార్థిని ఒక వస్తువు. విభాగము ఒక వస్తువు. విద్యార్థిని వస్తువును "నీ విభాగమేది?" అని అడిగిన అది విభాగపు వస్తువును చూపును. విభాగపు వస్తువును "నీ విద్యార్థు లెవరు?" అని అడిగిన అది వారి సముదాయమును చూపును. అనగా పట్టికలో ఒకేచోట నున్న సంబంధము వస్తువులలో రెండు కొసలనుండి కనబడుచున్నది. మరియొక భేదము గలదు. వస్తువులు కంప్యూటర్ మెమరీలో మాత్రమే యుండును. ప్రోగ్రాము ముగియగానే అవి అంతరించును. పట్టికలు డిస్కుపై నిలిచియుండును.

నడుమ దుబాసీ

పూర్వము వర్తకులకును దొరలకును నడుమ దుబాసీలుండెడివారు. అట్లే వస్తువులకు, పట్టికలకు నడుమ ఒక దుబాసీ అవసరమైనది. వరుసను వస్తువుగను, వస్తువును వరుసగను మార్చునట్టి ఈ ఏర్పాటునకు 'ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపింగ్' అని పేరు. ఈ పనిచేయు చట్రములు, అనగా ఫ్రేమ్‌వర్కులు, అనేకము గలవు. జావా భాషకై హైబర్నేట్ 2001లో ఆరంభమైనది. పైథాన్ భాషకై జాంగో 2005లోను, ఎస్‌.క్యూ.ఎల్. ఆల్కెమీ 2006లోను వెలువడినవి. జాంగో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయములో పుట్టినది. గిటారు విద్వాంసుడగు జాంగో రైన్‌హార్ట్ పేరు దానికి పెట్టిరి.

దుబాసీ ఎంత నేర్పరియైనను రెండు భాషలలోను సరిగా ఇమడని మాటలు కొన్ని యుండును. సంబంధమును నెలకొల్పుట అట్టివానిలో ఒకటి. జాంగోను ఉదాహరణముగా గ్రహించి దీనిని పరిశీలింతము.

సమీకరణము కాని సమాన చిహ్నము

బీజగణితమున "క = క + 1" అని వ్రాసిన ఉపాధ్యాయులు తప్పు దిద్దుదురు. ప్రోగ్రాములలో ఇది తప్పు కాదు. అక్కడ సమాన చిహ్నమునకు "కుడివైపుదానిని ఎడమవైపు గడిలో ఉంచుము" అని అర్థము. కాబట్టి "విద్యార్థిని విభాగము = 'బి' విభాగము" అని వ్రాసినచో, విద్యార్థిని వస్తువునందలి విభాగపు స్థానమున 'బి' విభాగమును ఉంచుమని ఆజ్ఞ ఇచ్చినట్లు.

ఈ ఆజ్ఞతో పట్టికలోని 7 మారి 8 అగునా? కాదు. మారినది మెమరీలోని వస్తువు మాత్రమే. తరువాత ఆ వస్తువునకు 'సేవ్', అనగా భద్రపరచుము, అను ఆజ్ఞ నీయవలెను. అప్పుడే డేటాబేసులోని గడి మారును. ఈ నడుమ విద్యుత్తు పోయినచో పట్టికలో 7 అట్లే నిలిచియుండును. సమాన చిహ్నము ఉద్దేశమును తెలుపును. సేవ్ దానిని శాశ్వతము చేయును. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో తక్కిన విషయములు సులభముగా బోధపడును.

సంఖ్య లేని విభాగము

పాఠశాలలో క్రొత్తగా 'సి' విభాగము తెరచుచున్నారనుకొందము. ప్రోగ్రాములో 'సి' విభాగపు వస్తువును సృష్టించితిమి. ఇంకను భద్రపరచలేదు. సామాన్యముగా వరుసకు సంఖ్యనిచ్చునది డేటాబేసు. అదియు వరుస పట్టికలో చేరిన తరువాతనే. కనుక ఈ విభాగమునకు ఇంకను సంఖ్య లేదు. ఇట్టి స్థితిలో విద్యార్థినికి ఈ విభాగమును కేటాయించిన ఏమగును?

విద్యార్థిని వస్తువులో రెండు స్థానములుండును. ఒకదానిలో విభాగపు వస్తువు, రెండవదానిలో విభాగపు సంఖ్య. కేటాయించిన క్షణమున సంఖ్య లేనందున రెండవ స్థానము ఖాళీగా మిగులును. పిదప 'సి' విభాగమును సేవ్ చేసితిమి; దానికి 9 అను సంఖ్య వచ్చినది. పిదప విద్యార్థినిని సేవ్ చేసితిమి. పట్టికలోనికి పోవునది సంఖ్యయే గాని వస్తువు కాదు. ఆ సంఖ్యా స్థానము ఖాళీగా నున్నది. విభాగపు గడి ఖాళీగా ఉండవచ్చునను నియమమున్నచో ఆ ఖాళీయే పట్టికలో నమోదగును. ఏ హెచ్చరికయు రాదు. మెమరీలోని వస్తువు "నాది 'సి' విభాగము" అనుచుండును. పట్టికలో ఆ మాట జాడయే లేదు.

జాంగో పాత రూపములలో ఇట్లే జరుగుచుండెను. 2015లో వెలువడిన 1.8 రూపమున సేవ్ చేయని వస్తువును కేటాయించుటనే నిషేధించిరి. మెమరీలో మాత్రమే వస్తువులను వాడుకొనువారికి ఇది ఇబ్బంది కలిగించినది. అందుచేత 1.8.4 రూపమున ఆ నిషేధమును సడలించి, తనిఖీని సేవ్ చేయు సమయమునకు మార్చిరి. అప్పటినుండి సంఖ్య లేని వస్తువుతో సంబంధమున్న వస్తువును సేవ్ చేయబోయినచో జాంగో దోషమును ప్రకటించి ఆగిపోవును. కేటాయించిన తరువాత విభాగమునకు సంఖ్య లభించియున్నచో, నేటి రూపములు సేవ్ సమయమున ఆ సంఖ్యను తామే గ్రహించును. దీనినిబట్టి తేలున దేమనగా, దోషమును బిగ్గరగా చెప్పు యంత్రము, మౌనముగా సాగిపోవు యంత్రముకంటె మేలు.

రెండవ కొసనుండి

ఇంతవరకు విద్యార్థిని వైపునుండి సంబంధమును నెలకొల్పితిమి. ఇప్పుడు విభాగము వైపునుండి చూతము. విభాగపు వస్తువువద్ద దాని విద్యార్థుల సముదాయమును నిర్వహించుటకు జాంగోలో కొన్ని ఆజ్ఞలు గలవు. 'ఆడ్' చేర్చును. 'రిమూవ్' తీసివేయును. 'క్లియర్' అందరిని తీసివేయును. 'సెట్' ఇచ్చిన జాబితాయే సముదాయమగునట్లు చేయును.

వీనికొక ముఖ్య లక్షణమున్నది. ఇవి సేవ్ ఆజ్ఞకై వేచియుండవు. డేటాబేసును వెంటనే మార్చును. కారణము సులభము. విభాగపు వరుసలో విద్యార్థుల జాబితాను వ్రాయుటకు గడియే లేదు. విభాగమును సేవ్ చేసినను అక్కడ వ్రాయవలసినది ఏమియు లేదు. మారవలసినది విద్యార్థుల వరుసలలోని గడి. కాబట్టి ఆజ్ఞ నేరుగా అక్కడకే పోవును.

జాంగో పాత రూపములలో ఈ కొసనుండి కూడ సమాన చిహ్నమును వాడ వీలుండెను. "విభాగపు విద్యార్థులు = ఈ జాబితా" అని వ్రాసిన మరుక్షణమే డేటాబేసు మారిపోవుచుండెను. అనగా ఒకే చిహ్నమునకు రెండు అర్థములు ఏర్పడినవి. ఒక కొసన అది మెమరీని మాత్రమే మార్చును. రెండవ కొసన డిస్కుపై నున్నదానిని కూడ మార్చును. వ్రాయువారు మొదటి అర్థమును మనసునందుంచుకొని రెండవచోట వాడినచో, సేవ్ అనకుండగనే పని జరిగిపోవును. ఈ గందరగోళమును తొలగించుటకై 2015లో వచ్చిన 1.9 రూపమున 'సెట్' ఆజ్ఞను ప్రవేశపెట్టిరి. 2016లో 1.10 రూపమున సమాన చిహ్నపు వాడుక త్వరలో తొలగింపబడునని హెచ్చరించిరి. 2017లో 2.0 రూపమున దానిని తొలగించిరి. నేడు ఎవరైనను అట్లు వ్రాసినచో, దానికి బదులు 'సెట్' వాడుమని జాంగో చెప్పును.

చేర్చుటయా, మార్చివేయుటయా?

ఇప్పుడు సంఘముల ఉదాహరణమును గ్రహింతము. విజ్ఞాన సంఘమున 3, 5, 8 సంఖ్యలుగల విద్యార్థులు సభ్యులు. ఆ సంఘమునకు 5, 8, 11 అను జాబితాతో 'సెట్' ఆజ్ఞ ఇచ్చితిమి. దీనిని నెరవేర్చుటకు రెండు మార్గములు గలవు. మొదటిది, ముగ్గురిని తీసివేసి క్రొత్త జాబితాలోని ముగ్గురిని చేర్చుట. రెండవది, రెండు జాబితాలను పోల్చి 3ను తీసివేసి, 11ను చేర్చి, 5, 8లను కదలింపకుండుట.

ఫలితమున సభ్యులు వారే. కాని పనిలో భేదమున్నది. 40మంది సభ్యులలో ఒకరు మారినారనుకొందము. మొదటి మార్గమున జోడింపు పట్టికలో 40 వరుసలు చెరిపి మరల 40 వరుసలు వ్రాయవలెను, మొత్తము 80. రెండవ మార్గమున ఒక వరుస చెరిపి ఒకటి వ్రాయవలెను, మొత్తము 2. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. జోడింపు పట్టికలో సభ్యులు చేరిన తేదీని కూడ ఉంచుకొన్నచో, మొదటి మార్గమున పాత వరుసలతోపాటు పాత తేదీలును పోవును. రెండవ మార్గమున 5, 8 సంఖ్యలవారి తేదీలు భద్రముగా నుండును. 1.9కి పూర్వము జాంగో సమాన చిహ్నమును మొదటి మార్గమున నెరవేర్చుచుండెను. ఆ రూపమునుండి రెండవ మార్గమే సహజ పద్ధతియైనది. కోరినవారు మొదటి మార్గమును కూడ ఎంచుకొనవచ్చును.

విద్యార్థులు ఇచ్చట ఒక జాగ్రత్తను గుర్తుంచుకొనవలెను. 11వ సంఖ్యవానిని సంఘమున చేర్చుటయే ఉద్దేశమైనచో 'ఆడ్' వాడవలెను. దానికి బదులు 11 మాత్రమే ఉన్న జాబితాతో 'సెట్' అన్నచో, 11 చేరును. తక్కిన వారందరు తొలగిపోవుదురు. యంత్రము దోషమేమియు చూపదు. ఏలయనగా అది చెప్పినట్లే చేసినది. 'సెట్' అనునది "వీరిని చేర్చుము" అనుట కాదు. "వీరు మాత్రమే ఉండవలెను" అనుట.

ఈ పని నడుమ ఏదైన అవాంతరము వచ్చినచో, పాతవారిని తీసివేసి క్రొత్తవారిని చేర్చకుండ మిగిలిపోవునా అను సందేహము కలుగవచ్చును. జాంగో 'సెట్' ఆజ్ఞను 'ట్రాన్సాక్షన్' అను కట్టుబాటులో నడుపును. దాని నియమము: పని పూర్తిగా జరుగవలెను, లేదా అసలే జరుగనట్లుండవలెను.

ఖాళీగా ఉండరాని గడి

విభాగము లేని విద్యార్థి ఉండరాదని నియమము పెట్టితిమనుకొందము. అనగా ఆ గడి ఖాళీగా ఉండరాదు. ఇప్పుడు 21వ విద్యార్థినిని 'ఎ' విభాగమునుండి తీసివేయుమన్న, గడిలో ఏమి వ్రాయవలెను? ఖాళీ వ్రాయరాదు, వేరు విభాగమేదో చెప్పలేదు. కనుక ఇట్టిచోట జాంగో విభాగము వైపున 'రిమూవ్', 'క్లియర్' ఆజ్ఞలనే ఇయ్యదు. 'సెట్' ఆజ్ఞ యుండును గాని, అది జాబితాలోనివారిని చేర్చునే తప్ప జాబితాలో లేనివారిని తీసివేయదు. వారిని మరియొక విభాగమున చేర్చుటయే వారిని తీసివేయు మార్గము. పట్టికకు పెట్టిన నియమము వస్తువుల ప్రవర్తనను కూడ శాసించునని దీనివలన తెలియుచున్నది.

ఇతర చట్రముల మార్గములు

ఇదే ప్రశ్నకు ఇతర చట్రములు వేరు సమాధానములిచ్చినవి. హైబర్నేట్‌లో రెండు కొసలుగల సంబంధమునకు ఒక కొసను యజమానిగా నిర్ణయింపవలెను. డేటాబేసులో వ్రాయునప్పుడు అది యజమాని కొసను మాత్రమే చూచును. విద్యార్థిని కొస యజమానియై, విభాగపు జాబితాలో మాత్రమే ఆమెను చేర్చినచో, మెమరీలో చేరినట్లు కనబడును. పట్టికలో మార్పు రాదు. కాబట్టి రెండు కొసలను మార్చుట ప్రోగ్రాము వ్రాయువారి బాధ్యత.

ఎస్‌.క్యూ.ఎల్. ఆల్కెమీలో రెండు కొసలు ఒకదాని కొకటి జంటయని ముందుగా ప్రకటింపవచ్చును. పిదప ఒక కొసను మార్చగానే మెమరీలో రెండవ కొసయు తనంత తాను మారును. డేటాబేసులో మాత్రము వెంటనే వ్రాయదు. మార్పులన్నింటిని కూర్చుకొని, తగిన సమయమున వరుసక్రమముగా వ్రాయును. క్రొత్త విభాగమును ముందు వ్రాసి, దాని సంఖ్యను గ్రహించి, పిదప విద్యార్థినిని వ్రాయును. అందుచేత సంఖ్య లేని విభాగపు చిక్కు అక్కడ సామాన్యముగా తలయెత్తదు. ఇచ్చట సముదాయమునకు సమాన చిహ్నమును వాడవచ్చును. జాబితానుండి తొలగినవారి గడి సామాన్యముగా ఖాళీ చేయబడును. అయితే 'డిలీట్ ఆర్ఫన్' అను ఏర్పాటును కోరియున్నచో, తొలగిన వస్తువు అనాథగా భావింపబడి దాని వరుసయే చెరిపివేయబడును. సంబంధము తెగుట వేరు, వస్తువు నశించుట వేరు. ఏది జరుగునో ముందుగా తెలిసికొనక జాబితాను మార్చుట ప్రమాదకరము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయమును బోధించుటకు కంప్యూటర్ లేకున్నను కొరత లేదు. నల్లబల్లపై విద్యార్థుల పట్టికను వ్రాయవలెను. అది డేటాబేసు. ఒక వరుసను చూచి రెండు చీటీలపై నకలు వ్రాసి ఇద్దరు విద్యార్థులకు ఈయవలెను. అవి వస్తువులు. మొదటివాడు తన చీటీలో 7ను 8గా మార్చి, బల్లపై కూడ మార్చును. రెండవవాడు తన చీటీలో పేరులోని అక్షరదోషమును దిద్ది, చీటీయందున్న దంతయు బల్లపై తిరిగి వ్రాయును. అతని చీటీలో విభాగము ఇంకను 7గానే యున్నది. అందుచేత బల్లపై 8 పోయి మరల 7 వచ్చును. జాంగోలోను ఒకే వరుసకు రెండు నకళ్లుండి, పాత నకలును మామూలుగా సేవ్ చేసినచో ఇట్లే జరుగును. దిద్దిన గడిని మాత్రమే సేవ్ చేయుట, లేదా సేవ్ చేయుటకు ముందు వస్తువును పట్టికనుండి తాజా చేసికొనుట దీనికి నివారణములు.

చట్రము ఏదైనను, సంబంధమును నెలకొల్పు ప్రతి ఆజ్ఞను వ్రాయుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ సంబంధము ఏ పట్టికలో, ఏ గడిలో నిలుచును? అది వెంటనే వ్రాయబడునా, సేవ్ చేసినప్పుడా? ఇచ్చిన జాబితా పాతదానికి చేరునా, పాతదానిని తొలగించునా? తొలగినవారి గడి ఖాళీయగునా, వారి వరుసయే పోవునా? చట్రములు మారుచుండును, వాని ఆజ్ఞల పేర్లును మారుచుండును. ఈ నాలుగు ప్రశ్నలు మాత్రము మారవు. వీనికి సమాధానము తెలిసి వ్రాసిన ఆజ్ఞ ఏ చట్రములోనైనను వివరములను కాపాడును.